మూలబడిన మోటారుసైకిలు

మోటారుసైకిలుకు తెలంగాణ పల్లె పెట్టిన పేరు ‘ఫట్‌ఫటి’. గలగల, పటపట, గణగణ వంటి ధ్వన్యనుకరణాల కోవకు చెందిన మాట ఇది. ఎడ్లబండికి లాగే ఎడ్లను బట్టి పేరు వచ్చినది. పొగబండికి విడిచే పొగను బట్టి వచ్చినది. ఈ బండికి మాత్రం అది చేసే చప్పుడును బట్టి వచ్చినది. కంటికి కనబడక పూర్వమే చెవికి వినబడే వాహనం కాబట్టి ఈ పేరు సార్థకమే. అట్టి బండి చప్పుడు మానుకొని, గోనెపట్టా కప్పుకొని, ఇంటి మూల ఇరవై ముప్పై ఏండ్లు పడి ఉన్నదంటే అది తన పేరునే పోగొట్టుకొన్నదన్నమాట. ఆ పేరును దానికి తిరిగి ఇప్పించడం ఎట్లు? అసలు ఇప్పించడం అవసరమా? ఈ రెండు ప్రశ్నలను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

హనుమకొండ, వరంగల్లు, కాజీపేట పట్టణాల పాత ఇండ్లలో వెదికితే ఇట్టి బండ్లు ఇప్పటికీ కనబడతాయి. కొన్ని వసారాలలో ఉన్నవి, కొన్ని ఖాళీ అయిన పశువుల కొట్టాలలో ఉన్నవి, కొన్ని మెట్ల క్రింద పాత మంచాలకు ఆసరాగా నిలిచి ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగం బుల్లెట్ బండ్లు. కొన్ని జావాలు, యెజ్దీలు, రాజ్‌దూత్‌లు. ఒకప్పుడు ఈ వాహనం విలాసం కాదు, వృత్తికి సాధనం. కాలువల మీద తిరిగే ఓవర్సీరుకు, పల్లెలకు పోయి వైద్యం చేసే డాక్టరుకు, పోలీసు ఇన్‌స్పెక్టరుకు, రోడ్డుపనుల కాంట్రాక్టరుకు ఇదే దిక్కు. బస్సు పోని త్రోవన పోగలిగినది ఇదొక్కటే.

బుల్లెట్ చరిత్ర కొంత చెప్పుకోదగినది. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1932లో ఈ పేరును మొదట వాడినారు. స్వాతంత్ర్యం వచ్చిన పిదప సరిహద్దుల గస్తీకి మన సైన్యం ఈ బండిని ఎన్నుకొన్నది. ఆ అవసరం మీదనే 1955లో మద్రాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడినది. మద్రాసు శివారున తిరువొట్టియూరులో మొదట దిగుమతి చేసిన భాగాలను కూర్చినారు. కొన్నాళ్ళకు భాగాలన్నీ ఇక్కడనే తయారు చేసినారు. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 ప్రాంతంలో మూతపడినా, మద్రాసులో మాత్రం ఆ కొలిమి ఆరలేదు. విదేశంలో పుట్టిన యంత్రం పుట్టింట అంతరించి మెట్టినింట బ్రతికినదనవచ్చు. మైసూరులో జావా, యెజ్దీ బండ్లు చేసిన ఐడియల్ జావా సంస్థకు ఆ భాగ్యం లేకపోయినది. అది 1996లో మూతపడినది. ఈ తేడా పాత బండ్లను బాగుచేయించే వారికి నేటికీ అనుభవంలోకి వస్తున్నది. బుల్లెట్‌కు కావలసిన సామాను చాలవరకు హైదరాబాదు రాణీగంజ్‌లోనో, ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనో దొరుకుతుంది. జావా సామానుకు మాత్రం మరొక జావాను విప్పిన వారిని వెదుక్కోవలసి ఉంటుంది.

హనుమకొండలో నేనెరిగిన ఒక కుటుంబంలో ఇట్టి బుల్లెట్ ఒకటి ఉన్నది. ఇంటి యజమాని శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ పనులలో ఓవర్సీరుగా ఉండి, ఆ బండి మీదనే కాలువగట్ల వెంట తిరిగినవారు. ఆయన 1997లో గతించినారు. ఆనాడు వసారాలో నిలిపిన బండి ఆనాటి నుండి కదలలేదు. ఇటీవల ఆ ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి ఒప్పందం కుదిరినది. మూడు నెలలలో ఇల్లు ఖాళీ చేయవలె. పాత ఇనుము కొనేవాడు వచ్చి బండిని కిలోల లెక్కన అడిగినాడు. పెద్దకుమారుడు ఇచ్చివేద్దామన్నాడు. అతడిది అనాలోచితమైన మాట కాదు. నడవని బండికి చోటు దండుగ, నడిపించడానికి డబ్బు దండుగ, నడిచినా నడిపేవారు లేరు అన్నాడు. చిన్నకుమారుడు తండ్రి గుర్తుగా ఉంచుకొందామన్నాడు. అయితే అతని మనస్సులో ఉన్నది రంగు వేయించి, మెరుగు పెట్టించి, వాకిట నిలపడం మాత్రమే. వారి తల్లి ఇద్దరి మాటా విని, “ఒక్కసారి నడవనీయున్రి. నడిచినంక అమ్ముకున్నా మీ ఇష్టం, ఉంచుకున్నా మీ ఇష్టం” అన్నది. ఆ మాటతో బండి మండీబజారులోని ఒక ముసలి మెకానిక్ వద్దకు చేరినది.

ఆ వృత్తిలో పెద్దవానిని ఉస్తాద్ అంటారు. డెబ్బదికి దగ్గరపడిన ఆ ఉస్తాద్ బండిని చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, ‘ఎన్నేండ్లయింది’ అని కాదు, “ఎవరన్న కిక్కు కొట్టినరా?” అని. లేదని చెప్పగా ఊరట చెందినాడు. తరువాత నాతో, “సార్, దీన్ని లేపుడు కష్టం కాదు, నిలబెట్టుడు కష్టం” అన్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన దంతయు ఆ మాటలోనే ఉన్నది.

యంత్రం వాడుకలో అరిగిపోతుందని మనకు తెలుసు. వాడక ఉంచినప్పుడు అది చెడిపోవడం మాత్రం మన ఎరుకకు రాదు. వాడుకలో ఉన్న యంత్రంలో నూనె తిరుగుతూ ఉంటుంది. వేడి తేమను తరుముతూ ఉంటుంది. రాపిడి తుప్పును గీకుతూ ఉంటుంది. నిలిచిపోయినప్పుడు ఈ మూడు రక్షణలూ పోతాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలులో తేలికభాగం ఆవిరై, మిగిలినది జిగురు కట్టి పాత వార్నీషు వాసన వేస్తుంది. ఆ జిగురే కార్బురేటరులోని సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. ఖాళీ ట్యాంకు లోపలిగోడల మీద వానకాలపు తేమ చేరి తుప్పు పొలుసులు కడుతుంది. ఇంజను ఆగినప్పుడు రెండు వాల్వులలో ఏదో ఒకటి కొంచెం తెరచి ఉంటే, ఆ సందున గాలి, గాలివెంట తేమ లోపలికి ప్రవేశిస్తాయి. పిస్టను ఎక్కడ నిలిచినదో అక్కడనే దాని ఉంగరాలు సిలిండరు గోడకు పట్టుకొంటాయి. మెకానిక్కులు ‘ఇంజను పట్టేసింది’ అనేది ఈ స్థితినే. వరంగల్లు ఎండలకు రబ్బరు గొట్టాలు బీటలు వారుతాయి, టైర్ల ప్రక్కలు చిట్లుతాయి. వైర్ల మాట చెప్పనక్కరలేదు. వసారాలో ఎలుక కంటె తీరికగలవారెవ్వరు?

ఈ స్థితిలో ఉన్న బండిని మనవారు సాధారణంగా ఏమి చేస్తారు? సీసాడు పెట్రోలు తెచ్చి పోస్తారు. నలుగురు కుర్రవాళ్ళు కూడి దిగుడుకు నెడతారు. ఒక్కొక్కసారి బండి మేల్కొంటుంది కూడా. ఆ సాయంత్రం అందరూ సంతోషిస్తారు. కాని గోడకు పట్టిన తుప్పు ఉప్పుకాగితం వలె ఉంగరాలను గీకివేసి ఉంటుంది. ఏండ్ల తరబడి ఎండిన పంపు నూనెను పైకి అందించక ముందే లోపలి లోహాలు ఒరసుకొని ఉంటాయి. ట్యాంకు అడుగున ఉన్న పొలుసులు కార్బురేటరులోకి దిగి ఉంటాయి. ముప్పై ఏండ్ల విశ్రాంతి చేయని హాని ముప్పై నిమిషాల ఉత్సాహం చేస్తుంది. బండిని మరల నడిపించడమంటే, నిలకడ చేసిన హానులను ఒక్కొక్కటిగా, వరుస తప్పకుండా సరిదిద్దడం.

ఉస్తాద్ పాటించిన వరుస ఇది. ముందుగా స్పార్కుప్లగ్గు తీసి, ఆ రంధ్రం గుండా డీజిలు, ఇంజను నూనె కలిపి పోసినాడు. వారం రోజులు దానిని ముట్టుకోలేదు. చిన్నకుమారుడు రోజూ వచ్చి అడిగేవాడు. “నూనె పని జేస్తున్నది, మనం జేసేదేం లేదు” అనేవాడు ఉస్తాద్. ఎనిమిదవనాడు బండిని స్టాండు మీద నిలిపి, పెద్ద గేరులో వేసి, వెనుక చక్రాన్ని బొటనవ్రేలి వెడల్పున ముందుకు, మరల అంతే వెనుకకు ఊపినాడు. కిక్కుతో కొడితే బలమంతా ఒక్కచోట పడుతుంది. చక్రంతో ఊపితే చేతికి అడ్డు ఎంతో తెలుస్తుంది. పదవనాటికి పిస్టను కదిలినది.

కదిలినది కదా అని అతడు ఆగలేదు. హెడ్డు విప్పినాడు, బ్యారెలు పైకి తీసి వెలుతురుకు పట్టి చూసినాడు. పిస్టను నిలిచిన చోట గోడ మీద నల్లని వలయం వంటి మచ్చ ఉన్నది. దాని మీద గోరు నిలువుగా ఆనించి లాగినాడు, గోరు చిక్కుకొన్నది. “గోరుకు తగిలితే బోరుకు పోవాలె” అన్నాడు. సిలిండరు లోపలిగోడను లేతు మీద మరల నున్నగా తొలిపించి, ఒక మెట్టు పెద్ద పిస్టను వేయడాన్ని బోరు చేయించడం అంటారు. చిన్నకుమారుడు ఖర్చుకు వెనుకాడి, మచ్చను గీకించి పాత పిస్టనుతోనే నడిపించవచ్చునా అని అడిగినాడు. నడుస్తుంది కాని పొగ తాగుతూ నడుస్తుందని ఉస్తాద్ జవాబు. తల్లి అడిగినది నడిచే బండిని, పొగను కాదు. కాబట్టి బోరుకే పోవలసి వచ్చినది.

విప్పిన భాగాలను అతడు పేర్చిన తీరు చూడదగినది. షెడ్డులో ఒక ప్రక్క పాత వార్తాపత్రికలు పరచి, విప్పిన వరుసలోనే ఎడమ నుండి కుడికి నట్టు, బోల్టు, వాషరు పేర్చినాడు. ఆదివారపు సాహిత్యానుబంధాలకు ఇట్టి ఉపయోగం కూడ ఉన్నదని చూసి సంతోషించినాను. ఆ వరుసను చూస్తుంటే మా ఊరి వేయిస్తంభాల గుడి కల్యాణమండపం స్మరణకు వచ్చినది. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ ఆలయపు మండపాన్ని పురావస్తు సర్వేక్షణ శాఖ వారు 2006లో విప్పినారు. రాతికొక అంకె వేసి, పునాదిని సరిచేసి, ఆ రాళ్ళనే తిరిగి నిలిపి, 2024 మార్చిలో ప్రజలకు తెరచినారు. పదునెనిమిదేండ్లు పట్టినది, అంత ఆలస్యం తగునా అని విమర్శించినవారున్నారు. అయినా అక్కడ నేర్వవలసిన సూత్రం ఒకటి ఉన్నది. విప్పడం అందరికీ చేతనవుతుంది. తిరిగి కూర్చడానికి వీలుగా విప్పడమే విద్య. గుడికైనా బండికైనా ఇదే నియమం.

ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి, కిరసనాయిలు పోసి, ఇద్దరు పిల్లలు పూటంతా ఊపి కడిగినారు. చింతపండుతో రాగిచెంబు తోమినట్లు లోపల లోహం కనబడేదాక ఆ పని సాగినది. కార్బురేటరును విప్పి, అందులోని జెట్లను గాలితో ఊది శుభ్రం చేసినారు. సూదివంటి రంధ్రం కాబట్టి సూది పెట్టి పొడుద్దామని ఎవరికైనా తోస్తుంది. తీగ తగిలితే రంధ్రం వెడల్పవుతుంది, వెడల్పయితే పెట్రోలు కొలత మారుతుంది, కొలత మారితే బండి ఎన్నటికీ సరిగా నడవదు. ఇగ్నిషను పాయింట్ల మధ్య ఉండవలసిన సందు 0.35 నుండి 0.40 మి.మీ. ఆ సందు తెరచుకొనే క్షణాన్ని బట్టి నిప్పురవ్వ పుడుతుంది. ఏండ్లుగా గాలికి నల్లబడిన ఆ పాయింట్ల ముఖాలను సన్నని ఆకురాయితో రుద్ది, రేకు కొలతతో సరిచేసినాడు. వాల్వులను ఎత్తే రెండు కడ్డీలను బండి చల్లగా ఉన్నప్పుడు సరిచేయవలె. వ్రేళ్ళతో తిప్పితే తిరగవలె, పైకీ క్రిందికీ మాత్రం ఆడగూడదు. దీనికి కొలబద్ద లేదు, వ్రేళ్ళే కొలబద్ద.

ఇక్కడ భాషను గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మన పాఠ్యపుస్తకాలు పిస్టనుకు ముషలకమని, ఇంజనుకు అంతర్దహన యంత్రమని పేర్లు పెట్టినవి. చక్కని మాటలే, కాని అవి షెడ్డు గడప దాటి లోపలికి రాలేదు. అక్కడ స్పానరు ‘పానా’, స్క్రూడ్రైవరు ‘పేచ్‌కస్’. నిప్పు తప్పి తప్పి పడితే బండి ‘మిస్ కొడుతున్నది’. బలం చాలకపోతే ‘దమ్ము లేదు’. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు ఏ సంధిసూత్రానికీ లొంగక కలిసిపోయిన ఈ భాషలో ఏ మాటకూ రెండు అర్థాలు లేవు. శాస్త్రభాషకు మనం కోరుకొనే గుణం అదే కదా!

రంగు ప్రసక్తి కూడ వచ్చినది. చిన్నకుమారునికి ట్యాంకు మీద కొత్త రంగు, చక్రాల మీద కొత్త మెరుగు కావలె. ఉస్తాద్ అడ్డు చెప్పలేదు గాని, “అది చివరి పని” అన్నాడు. బుల్లెట్ ట్యాంకు మీది బంగారురంగు గీతలను మద్రాసు పనివారు చేతితోనే గీసేవారు. ఆ గీత మాసినా, ఎక్కడో వంకర పోయినా, అది ఒక మనిషి చేతి జాడ. దానిని చెరిపి యంత్రపు గీత వేయించడం సులభమే. హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదానికి పోయిన వారందరూ అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూచి ఉందురు. అది ప్రదర్శనకు ఉన్నది. మెరియడమే దాని ధర్మం. కాలువగట్టు మీద తిరిగిన బండి ధర్మం వేరు.

పాత రూపాన్ని కాపాడడానికి చట్టం కూడ ఇప్పుడు ఒక కారణం చూపుతున్నది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, మూలరూపంలో పెద్దమార్పులు లేని వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేసేందుకు కేంద్రప్రభుత్వం 2021 జూలైలో నియమాలు చేసినది. అట్టి వాహనపు సంఖ్యలో రాష్ట్రాక్షరాల తరువాత ‘వి.ఏ.’ అనే అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించినారు; నమోదు పదేండ్లు చెల్లుతుంది. అయితే ఆ బండిని నిత్యప్రయాణాలకు గాని వ్యాపారానికి గాని వాడగూడదు. ప్రదర్శనలకు, పరీక్షకు, ఇంధనం కోసం, మరమ్మతు కోసం మాత్రమే రోడ్డెక్కవచ్చు. కాబట్టి మూలబడిన బండి గల వారు పానా పట్టే ముందు ఇంట్లోని పాత పెట్టెలు వెదికి, రిజిస్ట్రేషను పత్రం ఉన్నదో లేదో చూచుకోవడం మేలు. ఈ కుటుంబంలో ఆ పత్రం ఓవర్సీరుగారి కొలతల పుస్తకం మధ్యన భద్రంగా దొరికినది.

నేటి పెట్రోలును గురించి కూడ ఒక హెచ్చరిక అవసరం. మనదేశంలో పెట్రోలులో ఇథనాలు కలపడం క్రమంగా పెరిగి 2025 నాటికి 20 శాతానికి చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. పాతకాలపు రబ్బరును, ట్యాంకులోపలి పాత పూతలను మెత్తబరుస్తుంది. ఈ బండ్లు తయారైన నాడు ఈ సంగతి ఎవరి ఊహలోనూ లేదు. అందుచేత ఉస్తాద్ పెట్రోలు గొట్టాన్ని, సీళ్ళను కొత్తరకం వాటితో మార్చినాడు. నెలకు మించి నిలిపేటట్లయితే ట్యాంకులోను, కార్బురేటరులోను ఉన్న పెట్రోలును దించివేయమని చెప్పినాడు.

రెండు నెలలు గడిచినవి. ఇంజను కూర్చి, కొత్త నూనె పోసి, మొదట ప్లగ్గు లేకుండానే కిక్కును మెల్లగా అనేకసార్లు త్రొక్కినాడు; పైన రాకర్లకు పోయే సన్నగొట్టపు బోల్టును కొంచెం వదులుచేసి, నూనె చుక్క అక్కడికి చేరేదాక త్రొక్కుతూనే ఉన్నాడు. ఆ చుక్క కనబడిన తరువాతనే ప్లగ్గు బిగించినాడు. బుల్లెట్‌ను లేపడంలో బలం కంటె నేర్పు ముఖ్యం. హెడ్‌లైటు పైన ఉన్న ఆమీటరు ముల్లును చూస్తూ కిక్కును నెమ్మదిగా నొక్కవలె. ఒత్తిడి ఎదురైన చోట డికంప్రెషను మీట నొక్కి, పిస్టనును ఆ శిఖరం దాటించి, మీట విడిచి, అప్పుడు నిండుగా త్రొక్కవలె. మూడవ త్రొక్కుకు బండి మేల్కొన్నది. పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఉస్తాద్ కొట్టలేదు. నిమిషం విని, ఆపివేసి, బోల్టులన్నీ మరల బిగించినాడు.

లేపుడు వేరు, నిలబెట్టుడు వేరు అని అతడన్నది తరువాతి పది రోజులలో తెలిసివచ్చినది. కాజీపేట వైపు బయలుదేరిన బండి ఆరు కిలోమీటర్లకు ఆగిపోయినది. అరగంట నీడలో నిలిపితే మరల లేచినది. మరల అంతే దూరంలో ఆగినది. పెట్రోలు అందనప్పుడు బండి దగ్గి దగ్గి ఆగుతుందట. నిప్పు పోయినప్పుడు దీపం ఆర్పినట్లు ఆగుతుందట. ఇది రెండవ విధం. వేడెక్కితే పోయి, చల్లబడితే వచ్చే నిప్పు గనుక దోషం కండెన్సరుదని నిర్ణయించి మార్చినాడు. ఆపైన త్రాటిలు తెరచినప్పుడు మిస్ కొట్టసాగినది. కార్బురేటరును మరల విప్పగా ట్యాంకు నుండి దిగిన తుప్పురేణువొకటి జెట్టులో దొరికినది. బ్రేకుల నాడాలు గట్టిబడి చప్పుడు చేస్తే మార్చినాడు. నూరు కిలోమీటర్లకు నూనె మార్చినాడు. మొదటి ఐదువందల కిలోమీటర్లు యాభై వేగం దాటవద్దని శాసించినాడు. ఒక్కొక్క దోషం పోయినకొద్దీ దాని వెనుక దాగిన మరొక దోషం బయటపడేది. విసుగు పుట్టించే పని ఇదే. చాలామంది వదిలివేసేదీ ఇక్కడనే. అందువల్లనే మనకు ‘స్టార్టు అవుతుంది కాని నడవదు’ అనే బండ్లు ఇన్ని ఉన్నవి.

చివరకు బండిని ఇంటికి తెచ్చిననాడు తల్లి లోపలిగదిలో ఉన్నది. వాకిట బండి నిలిచి మెల్లగా కొట్టుకొంటున్నది. ఆమె గడప దాకా వచ్చి కొంతసేపు విని, “మంచిగనే ఉన్నది గని భాయ్, ఆయన బండి ఇంత తొందర తొందర కొట్టుకునేది కాదు” అన్నది. ఉస్తాద్ నవ్వి, “సచ్ బాత్ అమ్మా, కొత్త బోరని నేనే జర ఎక్కువ పెట్టిన” అన్నాడు. వంగి, కార్బురేటరు ప్రక్కనున్న చిన్న స్క్రూను పావుచుట్టు త్రిప్పినాడు. చెవి యొగ్గి విని మరికొంచెం త్రిప్పినాడు. చప్పుడుకు చప్పుడుకు నడుమ ఎడం పెరిగినది. ఈ ఇంజను పిస్టను అడ్డుకొలత 70 మి.మీ., అది పైకి క్రిందికి నడిచే దూరం 90 మి.మీ. అంత దీర్ఘమైన నడక, దానికి తోడు బరువైన చక్రం ఉన్నందువలననే ఈ యంత్రం నిదానంగా కొట్టుకోగలుగుతుంది. ఆమెకు ఈ కొలతలేవీ తెలియవు. సాయంకాలం వీధి మలుపులో విన్న చప్పుడు మాత్రం తెలుసు. “ఆఁ, గిట్లనే” అన్నది. బండి సరిగా నడుస్తున్నదనడానికి అంతకు మించిన ప్రమాణం ఏ గ్రంథంలోనూ దొరకదు.

పెద్దకుమారుడు బండిని అమ్మలేదు. దానికి అతడు చెప్పిన కారణం, ఇప్పుడు దాని ధర ఇనుము ధర కాదని. మనస్సులోని కారణాన్ని మనిషి పైకి చెప్పవలెనన్న నియమమేమీ లేదు. బిల్డరుతో వ్రాసుకొనే ఒప్పందంలో మాత్రం క్రింది అంతస్తులో రెండు గజాల చోటు అదనంగా వ్రాయించినాడు.

ఇట్టి బండ్లు నిలిచినా వాటిని నిలబెట్టే చేతులు ఎన్నాళ్ళు ఉంటాయన్నది నన్ను వేధిస్తున్న ప్రశ్న. ఆ ఉస్తాద్ కుమారులెవ్వరూ ఈ పనిలో లేరు. అతని వద్ద ఉన్న ఇద్దరు పిల్లలు కొత్త స్కూటర్ల పనికే ఎక్కువగా అలవాటుపడుతున్నారు. ఆ బండ్ల దోషాలను యంత్రమే తెరమీద వ్రాసి చూపుతుంది. అందులో తప్పేమీ లేదు, కాలధర్మం అది. కాని గోరుతో గోడను చదవడం, ఆగిన తీరును బట్టి దోషాన్ని పట్టడం, చెవితో చప్పుడును తూచడం అనే విద్య ఏ పుస్తకంలోకీ ఎక్కకుండానే పోనున్నది. కాకతీయుల శాసనాలను అక్షరం పోకుండా ఎత్తి వ్రాసుకొన్న ఊరు మనది. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థగా మన మధ్యనే ఉన్నది. కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నది. యంత్రశాస్త్రం చదివే విద్యార్థి ఒకరు, తెలుగు చదివే విద్యార్థి ఒకరు జతగా కూడి, ఇట్టి షెడ్లలో నెల రోజులు కూర్చుంటే ఆ విద్యనూ, ఆ భాషనూ కాగితం మీద పెట్టవచ్చు. దానికి పెద్దధనమేమీ అక్కరలేదు. ఉస్తాద్‌లు బ్రతికి ఉండగా చేయవలెనన్నదే షరతు.

ఈలోగా చదువరుల ఇంట ఎక్కడైనా గోనెపట్టా క్రింద ఒక బండి ఉన్నట్లయితే, దానిని ఇనుముకు వేయడానికి తొందరపడవద్దని మనవి. లేపడానికి అంతకంటెను తొందరపడవద్దు. ప్లగ్గు తీసి, రెండు చెంచాల నూనె పోసి, పత్రాలు వెదికి పెట్టుకొని, తెలిసినవారి కోసం ఊరంతా విచారించండి. ముప్పై ఏండ్లు ఆగిన బండి ఇంకొక నెల ఆగగలదు.